కాగితం మీది సహోదరుడు

నాన్నగారి ఫోటో గోడవైపు తిరిగిపోయింది.

తిప్పింది అమ్మ. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. కుర్చీ ఎక్కడం మానేసి పదేళ్లయింది. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కింది, తిప్పింది, దిగింది. దిగి, భోజనాల బల్ల దగ్గర తన కంచం అవతలికి నెట్టి, చేతులు కట్టుకుని కూర్చుంది.

"నెలకి నాలుగు రోజులు సరుకు కొనడానికని ఊళ్లు తిరిగేవాడు" అంది, ఎవరినీ చూడకుండా. "నాలుగు రోజులు. మేకులు కొనడానికి నాలుగు రోజులెందుకో నేనెప్పుడైనా అడిగానా?"

పెద్దవాడు చేతిలో ముద్ద చేతిలోనే ఉంచుకుని తమ్ముడి వంక చూశాడు. వదిన నీళ్ల గ్లాసు నిండినా పోస్తూనే ఉంది. ఆమె కూతురు, ఇరవై రెండేళ్ల పిల్ల, నవ్వు ఆపుకోవడానికి తల బల్ల కిందికి దించింది.

ఇదంతా ఒక్క ఫోన్ తెచ్చిన తంటా. పది నిమిషాల క్రితం పెద్దాసుపత్రి నుంచి పెద్దవాడికి పిలుపొచ్చింది. పెద్దవాడికి చెవి కాస్త మందం. ఆ సంగతి ఒప్పుకోడు కాబట్టి ఫోన్ బల్ల మీద పెట్టి అందరికీ వినపడేలా నొక్కుతాడు. మీ సహోదరుడికి రేపు పొద్దున తుంటి ఆపరేషన్, ఎనిమిదింటికల్లా మనిషి ఇక్కడుండాలి అని ఫోన్లో అమ్మాయి చెప్పింది. నాకున్నది ఒక్కడే తమ్ముడు, వాడు నా ఎదురుగా కూర్చుని భోంచేస్తున్నాడు అని పెద్దవాడన్నాడు. ఆ అమ్మాయి కాగితాలు తిరగేసింది. అయితే మీకింకొకరు ఉన్నారన్నమాట, ఇక్కడ స్పష్టంగా రాసుంది, సంతకం కూడా ఉంది అని చెప్పి పెట్టేసింది.

ఆ సంతకం పాసంగానిది.

కింద మేకుల కొట్టు, పైన కాపురం. ఆ కొట్లో నాన్నగారి నాటి త్రాసు ఒకటుండేది. దాని ఒక పళ్లెం ఎప్పుడూ తేలిపోయేది. అది సరిచేయడానికి అడుగున చిన్న ఇనప ముక్క కట్టేవారు. దాన్నే పాసంగం అంటారు. దాన్ని ఎవరూ కొనరు, ఎవరూ అమ్మరు, దానికంటూ ఒక ధర లేదు. ఏ పక్క తక్కువైతే ఆ పక్కకి కడతారు, అంతే. రెండో కొడుక్కి పదేళ్లున్నప్పుడు నాన్నగారు సరదాకి ఆ పేరు పెట్టారు. కొట్లో మనిషి తక్కువైతే కొట్లోకి, వంటింట్లో తక్కువైతే వంటింట్లోకి, పెళ్లివారింట పంక్తిలో ఒక మనిషి తక్కువైతే అక్కడికి. ఇప్పుడతనికి నలభై తొమ్మిది. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా కొట్లో ఏదో ఒక పని అడ్డం పడింది. పేరు మాత్రం ఊడలేదు. అతనికి ఫోన్ కూడా లేదు. కావలసినవాళ్లు మెట్ల కింద నుంచి ఒక కేక వేస్తారు.

"ఒరేయ్" అన్నాడు పెద్దవాడు. "అమ్మ ముద్ద ముట్టడం లేదు. నిజం చెప్పు. ఎవడు వాడు?"

"గొడుగులాయన అన్నయ్యా."

గొడుగులాయన అంటే అందరికీ తెలుసు. చర్చి గోడ పక్కన గోనెపట్టా పరుచుకుని విరిగిన గొడుగులు బాగుచేస్తాడు. పది రోజుల క్రితం వానలో ఎవరో ముసలామె తడిసిపోతుంటే, ఆమెకి గొడుగు అందించబోయి చర్చి మెట్ల మీద జారిపడ్డాడు. ఎత్తి ఆసుపత్రికి తీసుకెళ్లింది పాసంగం. కౌంటర్లో ఒక కాగితం ఇచ్చారు. రోగి తాలూకు మనిషి పేరు, చిరునామా, ఫోన్ నంబరు. తన పేరు రాశాడు, అన్న నంబరు రాశాడు. ఆ కింద ఒక గీత. 'రోగికి ఏమవుతారు?'

అక్కడ ఆగిపోయాడు. వెనక వరస పెరుగుతోంది. గొడుగులాయన స్ట్రెచర్ మీద పళ్లు కొరుక్కుంటూ అతని చొక్కా అంచు పట్టుకునున్నాడు. ఏమీ కాను అని రాస్తే తీసుకోరు. స్నేహితుడు అంటే అబద్ధం, గొడుగు బాగుచేయించుకున్నది కూడా ఒక్కసారే. అప్పుడు పాస్టరుగారు ప్రతి ఆదివారం మొదట అనే మాట గుర్తొచ్చింది. ప్రియ సహోదరులారా. నలభై ఏళ్లుగా వింటున్న మాట. ఇన్నాళ్లకి వాడుకునే అవసరం పడింది. రాసేశాడు.

అంతా విని అమ్మ మళ్లీ కుర్చీ ఎక్కింది. ఈసారి మనవరాలు పట్టుకుంది. ఫోటోని ఇటు తిప్పి, అద్దం చేత్తో తుడిచి, పాపం అనుకుంటూ దిగింది. దిగాక చిన్నకొడుకు మీద పడింది.

"సహోదరుడంటే ఏమిటో తెలుసా నీకు? ఒక్క కడుపున పుట్టినవాడు. నా కడుపున ఎంతమంది పుట్టారో నాకు లెక్క తెలీదా? నన్నడక్కుండా ఒకణ్ణి పుట్టించావు. వయసెంత ఆయనకి?"

"అరవై దాటుంటాయమ్మా."

"అయితే నాకు పద్దెనిమిదేళ్లప్పుడు కన్నానన్నమాట. నాకే తెలియకుండా."

"నాన్నా, నువ్వు రెండోవాడివైపోయావు" అంది మనవరాలు. ఆ నవ్వు ఇక బల్ల కింద ఇమడలేదు. వదిన కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మ కంచం దగ్గరికి లాక్కుంది.

పెద్దవాడొక్కడే నవ్వలేదు. అతను సంఘ పెద్ద, ఇరవై ఏళ్లుగా ముందు బెంచీలో కూర్చుంటాడు. దేవుడంటే భయం ఉంది, వ్యాపారం అంటే ప్రేమ ఉంది, రెండూ ఒకదానికొకటి అడ్డు రాకుండా వేర్వేరు అరల్లో సర్దుకున్నాడు. ఇప్పుడు ఒక అరలో సరుకు ఇంకో అరలోకి దొర్లింది.

"అది చర్చిలో అనే మాటరా" అన్నాడు. "ఆసుపత్రిలో రాసే మాట కాదు."

"మరి ఎక్కడ రాయాలన్నయ్యా?"

జవాబు లేనప్పుడు పెద్దవాడు టైము చూస్తాడు. గడియారం వంక చూసి అసలు సంగతి పట్టుకున్నాడు. "రేపు ఎనిమిదింటికా? రేపు పదింటికి మన పనేమిటో తెలుసా నీకు?"

తెలుసు. ఇల్లంతటికీ తెలుసు. ఊరికి అటు చివర, కొత్తగా ఇళ్లు లేస్తున్న వీధి మలుపులో రెండో కొట్టు తెరుస్తున్నారు. మేకులు, బోల్టులు, గొళ్లేలు, బందులు. అది పాసంగానికి. బోర్డు కింద ప్రొప్రైటర్ అని, పక్కన అతని అసలు పేరు. బోర్డు రాసే పెయింటరు నిచ్చెన మీంచి "పేరేంటండీ?" అని అడిగితే, పెద్దవాడు కూడా ఒక నిమిషం ఆలోచించుకోవలసి వచ్చింది. ఆ పేరు ఎండలో తళతళలాడుతుంటే పాసంగం వారంలో నాలుగుసార్లు అటువైపు ఏదో పనున్నట్టు నడిచొచ్చాడు. నాలుగుసార్లూ ఏ పనీ లేదు.

"సంఘంలో ఇంకెవరూ లేరా ఆసుపత్రికి పోవడానికి?"

"ఉన్నారు. పొద్దున ఆరాధనయ్యాక పాస్టరుగారినే అడిగాను, ఎవరినైనా పంపమని. అందరూ రేపు మన కొట్టు ప్రార్థనకి వస్తున్నారట."

వదినకి పొలమారింది.

పెద్దవాడు చెయ్యి కడుక్కుని లేచాడు. అతను అరిచే మనిషి కాడు. ఖరారు మాట చెప్పేటప్పుడు గొంతు ఇంకా తగ్గుతుంది. "ఆ మనిషి ఇన్నేళ్లలో మన కొట్లో పావుకిలో తీగైనా కొన్నాడా? సరే, అది వదిలెయ్. పదింటికి నువ్వు అక్కడుంటే ఆ కొట్టు నీది. లేకపోతే పెయింటరు నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. మళ్లీ ఎక్కుతాడు."

ఆ మాటతో గదిలో నవ్వు ఆరిపోయింది. పాసంగం అందరి కంచాలూ ఒకదాని మీద ఒకటి పేర్చి వంటింట్లోకి పట్టుకెళ్లాడు.

సాయంత్రమైంది. పెద్దవాడు రేపటికి చొక్కా తనే ఇస్త్రీ చేసుకుని కాలర్ కాల్చుకున్నాడు. పాసంగం వెనక మెట్ల మీద కూర్చున్నాడు. అన్న కూతురు వచ్చి పక్కన కూలబడింది.

"బాబాయ్, నువ్వెటు వెళ్లినా నేను నీ పక్షమే. కాని ఒక్క మాట. ఆ కొట్లో నీకు చక్రాల కుర్చీ తెచ్చారు. గిర్రున తిరుగుతుంది. నేను కూర్చుని చూశాను."

"ఎన్నిసార్లు తిరిగింది?"

"పదకొండు. తర్వాత కళ్లు తిరిగాయి."

అతను నవ్వాడు. ఆ పిల్లకి చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేడు. ప్రతి రాత్రీ ప్రార్థనలో ఒకటే అడిగేవాణ్ణమ్మా అని మొదలుపెట్టాడు. ప్రభువా, నన్ను దేనికి చేశావు, అని. అన్నయ్యని కొట్టుకి చేశావు, వదినని ఇంటికి చేశావు, నన్ను ఏ ఖాళీకి చేశావు, అని. జవాబు రాలేదనుకున్నాను. పని ఎక్కువ చేస్తే వస్తుందేమో అనుకున్నాను. పొద్దున్నే తలుపులు తీశాను, అందరికంటే ఆఖరున వేశాను. నేనెంత తూగితే దేవుడు నాకంత విలువ కడతాడనుకున్నాను.

"కట్టలేదా?"

"కడతాడని ఎదురుచూడటమే నా పొరపాటు. మన కొట్లో మేకులు కొనేవాళ్లు చూడు, వంకరవి ఏరి పక్కన పెడతారు. నేనూ అట్లా పక్కన పెట్టిన మేకుననుకున్నాను. ఆయన ఏరుకునే రకం కాదు. బేరమాడకుండా, మూత తీసి కూడా చూడకుండా డబ్బా మొత్తం ఎప్పుడో కొనేశాడు. ధర సిలువ మీదే ఇచ్చేశాడు. ఇక నేను తూగి చూపించాల్సింది ఏముంది?" మెట్టు మీది పుల్ల తీసి అవతల వేశాడు. "ఇక దేనికి చేశావన్న ప్రశ్నకి జవాబు. ఇన్నాళ్లూ దానికోసం పైకి చూశాను. అది ఆసుపత్రి కాగితంలో ఖాళీ గీతగా వచ్చింది."

ఆ పిల్ల మోకాళ్ల మీద గడ్డం ఆనించింది.

"అయితే బోర్డు?" అంది.

"బోర్డు వద్దని ఎందుకంటాను. నా పేరు ఎంత బాగా రాశాడో చూశావుగా" అన్నాడు. "అయినా సరే."

సోమవారం ఎనిమిదింటికి అతను ఆసుపత్రి రెండో అంతస్తులో ఉన్నాడు.

గొడుగులాయనకి ఆకుపచ్చ గౌను తొడిగారు. తొడిగాక ఆయన ఇంకా సన్నగా, మడిచిన గొడుగులా కనిపించాడు. భయంగా ఉన్నా నోరు మాత్రం ఊరుకోలేదు. "నిన్న నర్సమ్మ చెప్పింది, మీ అన్నగారితో ఫోన్లో మాట్లాడాం అని. నాకు అన్నో తమ్ముడో ఉన్నాడని అప్పుడే తెలిసింది. ఆస్తిలో వాటా అడగనులే తమ్ముడూ."

"అడిగినా ఇస్తాను. సగం మేకు."

ఆయన నవ్వాడు. నవ్వి, పాసంగం చెయ్యి పట్టుకుని, మీ దేవుడికి ఒక మాట చెప్పు, నాకు అలవాటు లేదు అన్నాడు. పాసంగం తలవంచి చెప్పాడు. పెద్ద మాటలేవీ రాలేదు. ప్రభువా, ఈయన నీవాడు, నేనూ నీవాణ్ణే, మమ్మల్నిద్దర్నీ చూసుకో, అంతే. తొమ్మిదింటికి బండి లోపలికి తోశారు. తలుపు మూసుకుంది. రెండు గంటలు పడుతుందన్నారు.

తొమ్మిదిన్నరకి పెద్దవాడు వచ్చాడు. కొత్త బట్టలు, కాలిన కాలర్. వెనకాల అమ్మ, కోడలి భుజం పట్టుకుని. తిన్నగా కొట్టుకే బయల్దేరారట. కాని దారిలో నా కొత్త కొడుకుని చూపించందే నేను కారు దిగను, ప్రార్థనా జరగదు అని అమ్మ పట్టుబట్టిందట. అది సాకు. తమ్ముణ్ణి రెక్క పుచ్చుకుని తీసుకుపోవడానికే పెద్దవాడు వచ్చాడని అతని నడకే చెబుతోంది.

గోడ మీద నిశ్శబ్దం అని రాసుంది కాబట్టి అన్నదమ్ములు గుసగుసగా పోట్లాడుకున్నారు. లోపలికి వెళ్లిపోయాడు కదా, ఇక నువ్వు బయట కూర్చుని చేసేదేముంది, అంటాడు అన్న. బయటికొచ్చి కళ్లు తెరిచినప్పుడు ఎవరో ఒకరు కనపడాలి కదా, అంటాడు తమ్ముడు. అదొక పనా? అదే పని అన్నయ్యా. ఊళ్లో పెద్దమనుషులంతా వచ్చి కూర్చునుంటారు. ఉండనీ. పరువు పోతుంది. నాది కదా పోయేది.

"నీకు ఇన్నాళ్లకి ఒక విలువ ఇస్తున్నానురా" అన్నాడు పెద్దవాడు. ఆ గుసగుస పగిలి పైకొచ్చింది. "బోర్డు మీద పేరు. నీకంటూ ఒక కొట్టు. కాదంటావా?"

"నువ్విస్తే తీసుకుంటానన్నయ్యా. ఇవ్వకపోయినా నాకు తక్కువేం కాదు. అది మొన్ననే తెలిసింది."

అది ఎదురు చెప్పినట్టు లేదు. దెప్పినట్టూ లేదు. నలభై తొమ్మిదేళ్లలో తమ్ముడు అట్లా తలెత్తి, మామూలుగా, అంత తేటగా మాట్లాడగా పెద్దవాడు వినలేదు. టైము చూసుకున్నాడు.

అప్పుడే వార్డు నర్సు వచ్చింది. పొట్టిగా, చురుగ్గా, చేతినిండా కాగితాలతో. "ఇంతమంది ఎవరి తాలూకు?"

"ఎవరి తాలూకూ కాదు" అన్నాడు పెద్దవాడు విసురుగా. "మేం వెళ్లిపోతున్నాం."

"ఖాళీగా ఉన్నారన్నమాట. మంచిది. పదకొండో మంచం తాతగారి తాలూకు ఎవరూ రాలేదు. ఇప్పుడు తీసుకెళ్లాలి. మందు ఇచ్చాం, మగతలో అబ్బాయి ఏడీ ఏడీ అంటున్నాడు. ఆ తలుపుదాకా పక్కన నడవండి చాలు." సమాధానం కోసం ఆగకుండా బండిని తెచ్చి అతని పక్కన నిలబెట్టింది.

బండి మీద ముసలాయన కళ్లు సగం తెరిచి, చెయ్యి చాచి, అందిన మణికట్టు పట్టుకున్నాడు. అది పెద్దవాడిది.

"వచ్చావా" అన్నాడు.

నేను కాదండీ అనడానికి పెద్దవాడు నోరు తెరిచాడు. తెరిచిన నోరు అట్లాగే ఉండిపోయింది. ముసలాయన పట్టు చూస్తే బక్క చెయ్యి, అయినా విడిపించుకోవడానికి వీల్లేనట్టుంది. అమ్మ చూస్తోంది. వదిన చూస్తోంది. పాసంగం నేల చూస్తున్నాడు.

"వచ్చాను" అన్నాడు పెద్దవాడు.

బండి కదిలింది. కొత్త బట్టల్లో, నడుం వంచి, మణికట్టు ఇచ్చేసి, ఆ పొడవాటి వసారా అంతా అతను పక్కనే నడిచాడు. తలుపు దగ్గర నర్సు ఆ వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది. తిరిగొచ్చి బెంచీ మీద తమ్ముడి పక్కన కూర్చున్నాడు. మణికట్టు తడుముకున్నాడు.

తర్వాత నర్సుని పిలిచాడు. "ఇట్లా ఎవరూ లేనివాళ్లు ఇంకెంతమంది అమ్మా వార్డులో?"

"ఇవాళైతే ఆరుగురు. మూడో మంచం ఆయనైతే మాట్లాడేవాళ్లు లేక తోచడం లేదంటున్నారు."

జేబులో ఫోన్ మోగింది. పాస్టరుగారు. అలవాటుగా పెద్దవాడు అందరికీ వినపడేలా నొక్కాడు. అందరం వచ్చేశాం, నలభై మందిమి బయటే నిలబడ్డాం, తాళం తీసేవాళ్లు లేరు అన్నారాయన.

సరుకు ఎక్కడ పేరుకుపోయిందో, ఎక్కడ కొరత పడిందో కనిపెట్టడం పెద్దవాడికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇన్నాళ్లూ దాన్ని మేకుల దగ్గరే వాడాడు. ఇప్పుడు ఒక్క క్షణం కళ్లు చిట్లించాడంతే.

"పాస్టరుగారూ, అక్కడ నలభై మంది ఊరికే నిలబడి ఏం చేస్తారు? ఓపికగా కూర్చోగలవాళ్లని ఆరుగురిని ఏరి పెద్దాసుపత్రి రెండో అంతస్తుకి పంపండి. వాగేవాళ్లు వద్దు." కాస్త ఆగి, "ఒకరు వాగినా పర్లేదు, మూడో మంచం ఆయనకి తోచడం లేదు" అన్నాడు.

"సరేనండి. మరి ప్రారంభం ఎన్నింటికి? ఇక్కడ పెయింటరు కూడా నిచ్చెనతో నిలబడ్డాడు, మీరు రమ్మన్నారట. ఏం చెయ్యమంటారు?"

పెద్దవాడు జవాబు చెప్పబోయాడు. చెప్పలేదు. ఫోన్ తీసి తమ్ముడి చేతిలో పెట్టాడు.

"అది బోర్డు మీద పేరున్నవాడు చెప్పాల్సిన మాట" అన్నాడు, అటువైపు మొహం తిప్పుకుని. "నన్నడుగుతారేంటి?"

నలభై తొమ్మిదేళ్లలో ఏం చెయ్యమంటారని పాసంగాన్ని ఎవరూ అడగలేదు. ఫోన్ బరువుగా, వెచ్చగా ఉంది. అవతల పాస్టరుగారు, ఆయన వెనక నలభై మంది, నిచ్చెనతో ఒకడు. ఇవతల అమ్మ, వదిన, నర్సు. అందరూ అతని నోటివైపే చూస్తున్నారు.

అతను గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడే, రెండు గంటలు పడుతుందన్న తలుపు గంటైనా కాకుండా తెరుచుకుంది. బండి మీద గొడుగులాయన రెప్పలు కదలడం చూసి, "ఒక్క నిమిషం పాస్టరుగారూ, మా పెద్దన్నయ్య కళ్లు తెరుస్తున్నాడు" అని పాసంగం లేచాడు.